కణానికి కాపు కాసే ఆకు

కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే చోట, మిట్టమధ్యాహ్నం వేళ, ఒడ్డున నిలిచిన మడచెట్టు ఆకునొకదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకేసి వంచి చూడండి. ఆకు మీద సన్నని పలుకులు తళుక్కుమంటాయి. నాలుక కొనకు తగిలిస్తే ఉప్పన. వేళ్లు తాగిన నీటిలోని ఉప్పును చాలామటుకు వేళ్ల దగ్గరే వడగట్టి, తప్పించుకుని పైకెక్కిన కాస్తంత ఉప్పును ఆకు మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది తెల్లమడ. గాలికి నీరు ఆరిపోతుంది, ఉప్పు పలుకు మిగులుతుంది. సాయంత్రం గాలి మళ్లినప్పుడు ఆ పలుకులు రాలి, వచ్చిన ఉప్పుటేటిలోనే కలిసిపోతాయి.

ఈ తీరంలో బతకడం పచ్చని ప్రాణికి సులువైన పని కాదు. ఇసకపల్లి ఉప్పుకయ్యల గట్ల మీద ఇలకూర ఎండలు ముదిరేకొద్దీ పచ్చదనం వదిలి ఎర్రబారుతుంది. దాని పక్కనే బొద్దు ఆకుల వంగరేటికూర నేలకు అంటుకుని పాకుతుంది. మైపాడు, కోడూరు ఇసుక తిన్నెల మీద బాలబందతీగ ఊదాపూలు పూస్తూ బారలు చాస్తుంది. రావణాసురుడి మీసాలు గాలికి దొర్లిపోతూ గింజలు చల్లుకుంటాయి. రొయ్య ఎండ తగిలితే లోతుకు పోతుంది. పీత బొరియలో దూరుతుంది. గుడ్డికొంగ నీడ వెతుక్కుంటుంది. మొక్క మాత్రం మొలిచిన చోటే నిలబడి ఎండనూ ఉప్పునూ మొత్తం భరించాలి.

ఆ భరించడంలోనే ఉంది అసలు వింత. ఉప్పు ఎక్కువైనప్పుడు నీరు పోకుండా మొక్క తన పత్రరంధ్రాలను మూసుకుంటుంది. దాంతో లోపలికి బొగ్గుపులుసు వాయువు రావడం తగ్గిపోతుంది. కానీ పైనుంచి ఎండ ఆగదు, పత్రహరితం దాన్ని పట్టుకోవడమూ ఆగదు. పట్టిన శక్తికి పని దొరక్క అది ఆకులోని ఆక్సిజన్ మీద పడుతుంది. అప్పుడు పుట్టేవే ఆక్సిజన్ రాడికల్స్. దేన్ని తాకితే దాన్ని చెడగొట్టే తుంటరి అణువులివి. కొవ్వు పొరను తాకితే పొర చెడుతుంది, ప్రొటీన్‌ను తాకితే ప్రొటీన్ చెడుతుంది, డీఎన్‌ఏను తాకితే వంశలేఖనంలో ఒక అక్షరం చెరిగిపోతుంది. అందుకే ఉప్పుగాలి మొక్కలు ఫినాల్ జాతి పదార్థాలను మెండుగా తయారుచేసుకుంటాయి. కొన్ని ఆకు పైపొరలో చేరి అతినీలలోహిత కిరణాలను మింగేస్తాయి, కొన్ని రాడికల్స్‌కు తామే ఎదురెళ్లి వాటి ఉగ్రతను చల్లారుస్తాయి. ఇలకూరలోని ఎరుపు కూడా ఆ కోవలోదే. బీట్‌రూట్‌కు రంగునిచ్చే బీటాసయనిన్ల కుటుంబం అది. మడ బెరడులో టానిన్లు దండిగా ఉంటాయి. నైలాన్ రాకముందు నూలు వలలు కుళ్లకుండా బెరడు కషాయంలో ముంచి ఆరవేసేవారు మన తీరవాసులు. ఆ వగరులో రక్షణ ఉందని బెస్త చేతికి ఏనాడో తెలుసు.

ఇక అసలు ప్రశ్న. ఆకు తన కోసం చేసుకున్న కాపుదల, జంతువు కణంలో పనిచేస్తుందా? చెయ్యడానికి వీలుంది. మడాకులో, రొయ్యలో, కొంగలో, మనిషిలో డీఎన్‌ఏ రాసివున్నది అవే నాలుగు రసాయనాల లిపితో. దాన్ని కొట్టే దెబ్బలూ చాలావరకు ఒకటే. మనిషి ఒక్కో కణంలో డీఎన్‌ఏకు ఆక్సిజన్ దెబ్బలే రోజుకు సుమారు 10,000 తగులుతాయని బ్రూస్ ఏమ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అంచనా వేశారు. వాటిలో అత్యధికం కణమే సరిచేసుకుంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విప్పి చెప్పినందుకు టొమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మరమ్మతు చేసే వేగాన్ని దెబ్బలు దాటిపోయినప్పుడే ముప్పు. బొగ్గు పొగ, డీజిల్ పొగ, చుట్ట పొగ, సీసం, కొన్ని పురుగుమందులు, బూజు విషాలు దెబ్బల లెక్కను పెంచేస్తాయి. రొయ్యల చెరువుల్లో నైట్రోఫ్యూరాన్ మందులను నిషేధించడానికి ఒక కారణం జన్యుపదార్థానికి వాటివల్ల కలిగే హానే.

దెబ్బ తగిలిందని కంటికి కనిపించేదెలా? ఇక్కడ ప్రయోగశాలలో జరిగే ఒక చిన్న అద్భుతాన్ని చెప్పాలి. కణాలను గోరువెచ్చని అగరోజ్ జిగురులో కలిపి గాజుపలక మీద పలుచగా పరుస్తారు. ఆ అగరోజ్ సముద్రపు ఎర్రనాచు నుంచి తీసిన అగర్‌ను శుద్ధిచేస్తే వచ్చేది. దాన్నిచ్చే గ్రాసిలేరియా జాతి నాచు మన తూర్పుతీరంలోనూ పెరుగుతుంది. జిగురు గడ్డకట్టాక ఉప్పు, సబ్బువంటి ద్రావణంలో ముంచితే కణం పొరలు కరిగిపోయి, ఉన్నచోటే డీఎన్‌ఏ ముద్ద మిగులుతుంది. తర్వాత ఘాటైన క్షారంలో ఉంచి కరెంటు పెడతారు. డీఎన్‌ఏకు రుణ విద్యుదావేశం ఉంది కాబట్టి అది ధనధ్రువం వైపు లాగబడుతుంది. చెక్కుచెదరని డీఎన్‌ఏ కదల్లేక గుండ్రంగా నిలిచిపోతుంది. తెగిన పోగులుంటే అవి జిగురులో ఈదుకుంటూ ముందుకు సాగుతాయి. మెరిసే రంగు అద్ది మైక్రోస్కోప్‌లో చూస్తే నల్లని నేపథ్యం మీద తలా తోకా ఉన్న తోకచుక్కలు బారులు తీరి కనిపిస్తాయి. తోక ఎంత పొడవైతే దెబ్బ అంత పెద్దది. దీన్ని కామెట్ పరీక్ష అంటారు. క్షారంతో చేసే ఈ పద్ధతిని 1988లో నరేంద్ర పి. సింగ్, ఆయన సహచరులు ప్రచురించారు. శ్రీహరికోట నుంచి ఆకాశంలోకి దూసుకెళ్లే నిప్పుతోకను చూడటానికి జనం సూళ్లూరుపేట రోడ్ల మీద గుమిగూడతారు. ఈ గాజుపలక మీది తోకను చూసే కన్నులు కొన్నే. కానీ దాని మీద ఆధారపడిన ప్రాణాలు ఎన్నో.

విషం ఒక్కటే పెట్టిన కణాలకు పొడవాటి తోక. మొక్క రసం ముందుగా ఇచ్చి తర్వాత విషం పెట్టిన కణాలకు పొట్టి తోక. ఆ తేడాయే ఆకు కాసిన కాపుకు సాక్ష్యం. ఇంకో దారి సూక్ష్మకేంద్రక పరీక్ష. విషం తగిలిన కణం విడిపోయేటప్పుడు ముక్కలైన క్రోమోజోములు అసలు కేంద్రకంలో చేరలేక పక్కన ఒక చిన్న చుక్కగా మిగిలిపోతాయి. ఆ చుక్కలను లెక్కపెడతారు. సాధారణంగా ఎలుక ఎముకమజ్జలో చూస్తారు, చేపలోనైతే ఒక రక్తపు చుక్క చాలు. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, చేప ఎర్రకణాల్లో ఉంటుంది. అందుకే వాగులోకి, క్రీకులోకి ఏం కలుస్తోందో చేప నెత్తురు చెబుతుంది. ఇక ముందే చెప్పిన బ్రూస్ ఏమ్స్ 1970లలో బ్యాక్టీరియాతో చేసే పరీక్షను తయారుచేశారు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లా, జన్యువు మారితే తిరిగి చేసుకోగలుగుతుంది. విషం ఎంత బలమైనదైతే పళ్లెంలో అంత ఎక్కువ గుంపులు మొలుస్తాయి.

ఈ ఏమ్స్ పరీక్షతోనే మన హైదరాబాద్‌లో ఒక గొప్ప పని జరిగింది. కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ కల్పగం పొలస, కమలా కృష్ణస్వామి బృందం దీర్ఘకాలంగా పొగతాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చింది. పొగతాగేవాళ్ల మూత్రంలో జన్యుమార్పులు కలిగించే పదార్థాలు బయటికి పోతుంటాయి. పసుపు తిన్న నెలలో ఆ మూత్రం బ్యాక్టీరియాను చెడగొట్టే శక్తి గణనీయంగా తగ్గింది. 1992లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఒకటిన్నర గ్రాములంటే ఇంట్లో పప్పులో, పులుసులో వేసే పసుపుకు మరీ దూరమైన కొలత కాదు. గొప్ప యంత్రాలేవీ లేకుండా, మన వంటింటి డబ్బాలోని వస్తువుతో, మన మనుషుల్లోనే చేసిన పని ఇది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల నోటి కణాల్లోనూ ఇదే సంస్థ సూక్ష్మకేంద్రకాలను లెక్కించింది. పోషకాలిచ్చాక అవి తగ్గాయి. ఆ పరిశోధనలకు తెలుగునాట దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

కలకత్తా విశ్వవిద్యాలయంలో క్రోమోజోముల శాస్త్రాన్ని మలిచిన అర్చనా శర్మ బృందం 1990 ప్రాంతంలో ఉసిరికాయను పరీక్షకు పెట్టింది. సీసం, అల్యూమినియం లవణాలు ఇచ్చిన ఎలుకల మజ్జలో క్రోమోజోములు విరిగిపోతాయి. ఉసిరి రసం ముందుగా తాగిన ఎలుకల్లో ఆ విరుగుళ్లు తగ్గాయి. అసలు విశేషం తర్వాత ఉంది. ఉసిరిలో ఉన్నంత విటమిన్ సి మాత్రమే విడిగా ఇచ్చి చూస్తే అంత రక్షణ రాలేదు. పండు మొత్తంగా ఇచ్చిన రక్షణే మెరుగు. విటమిన్‌తోపాటు ఉసిరిలోని టానిన్లు, ఇతర ఫినాళ్లు పొత్తుగా పనిచేస్తున్నాయన్నమాట. నెల్లూరు పడమటి వైపు వెలికొండల్లో కాసే ఉసిరి, కార్తీక వనభోజనాల్లో మనం చెట్టుకింద కూర్చుని తినే ఆ కాయ, ఇంత పని చేస్తుందంటే ఒళ్లు పులకరిస్తుంది.

తీరానికే వద్దాం. తొలకరి పడ్డాక తోటల గట్ల మీద, ఇంటి వెనక ఇసుకలో, అడుగెత్తు కూడా లేని ఒక మొక్క లేస్తుంది. చిన్న రెమ్మ, రెండు వైపులా చిట్టి ఆకులు. రెమ్మను తిరగేసి చూస్తే అడుగున బారుగా ఆవగింజంత కాయలు వేలాడుతుంటాయి. అదే నేల ఉసిరి. కాయ ఆకు కింద దాగి ఉంటుంది గనక పైనుంచి చూసేవాళ్లకు అది కలుపు మొక్కే. కామెర్లకు దీన్ని నూరి ఇవ్వడం మన పల్లెల్లో పాత వాడుక. కేరళలో త్రిసూర్ దగ్గరి అమల క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో రామదాసన్ కుట్టన్ బృందం ఈ మొక్క రసాన్ని ఎలుకలకిచ్చి, తర్వాత రేడియేషన్‌కు గురిచేసి చూసింది. రసం తీసుకున్న ఎలుకల క్రోమోజోములు తక్కువగా దెబ్బతిన్నాయి. క్యాన్సర్‌కు వాడే సైక్లోఫాస్ఫమైడ్ అనే ఘాటు మందు విషప్రభావాన్నీ ఇది తగ్గించింది. థాయ్‌లాండ్‌లో చేసిన పరీక్షల్లోనూ జన్యుమార్పులను అడ్డుకునే గుణం బయటపడింది.

ఇలాంటి రసాలు కణంలో ఎలా పనిచేస్తాయి? చాలా విషాలు శరీరంలోకి వచ్చేటప్పుడు నిజానికి విషాలు కావు. కాలేయంలోని ఎంజైములు వాటిని బయటికి పంపడం కోసం మార్చబోతే, ఆ మార్పులో అవి డీఎన్‌ఏకు అంటుకునే రూపం దాలుస్తాయి. మొక్కల్లోని కొన్ని పదార్థాలు ఆ ఎంజైముల చేతిని కాసేపు ఆపుతాయి. ఇంకొన్ని, విషాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థంతో ముడివేసి బయటికి తోసే ఎంజైములను ఎక్కువగా పుట్టేలా చేస్తాయి. కొన్ని లోహాలను పట్టి బంధిస్తాయి. కొన్ని రాడికల్స్‌ను ఆర్పుతాయి.

వీటన్నిటికన్నా సూటిగా పనిచేసేది ఆకుపచ్చదనమే. అదెలాగో తెలియాలంటే ముందు ఒక విషం సంగతి చెప్పాలి. కావలి, బోగోలు వైపు తీరపు ఇసుక నేలల్లో వేరుశనగ వేస్తారు. ఇసుక కాబట్టి ఊడలు తేలిగ్గా దిగుతాయి, పీకడమూ తేలికే. కాయ ఊరే చివరి వారాల్లో నీరు చాలకపోతే, కోసిన తర్వాత సరిగ్గా ఎండకపోతే, ఆస్పర్జిల్లస్ అనే పసుపుపచ్చ బూజు పడుతుంది. అది ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని స్రవిస్తుంది. ఈ విషం గురించి ప్రపంచానికి మొదట తెలిసింది 1960లో ఇంగ్లండులో, బూజుపట్టిన వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినప్పుడు. కాలేయంలో మార్పు చెందిన ఆఫ్లటాక్సిన్ డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అంటుకుంటుంది. అక్కడే కాలేయ క్యాన్సర్‌కు విత్తనం పడుతుంది.

పత్రహరితం నుంచి తయారుచేసిన క్లోరోఫిలిన్ అణువు చదునుగా ఉంటుంది. ఆఫ్లటాక్సిన్ అణువూ చదునే. అప్పడం మీద అప్పడం పేర్చినట్టు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నది పేగు గోడ దాటి లోపలికి పోవడం కష్టం. అమెరికాలో ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జార్జ్ బెయిలీ బృందం రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద ఈ రక్షణను చూపించింది. తర్వాత చైనాలోని చిదోంగ్ ప్రాంతంలో, ఆఫ్లటాక్సిన్ బెడద ఎక్కువగా ఉన్నచోట, 180 మంది మీద పరీక్ష జరిగింది. పూటకు 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు పూటలు, నాలుగు నెలలు క్లోరోఫిలిన్ ఇచ్చారు. డీఎన్‌ఏ నుంచి ఊడి మూత్రంలోకి వచ్చే ఆఫ్లటాక్సిన్ ముక్కలు, క్లోరోఫిలిన్ లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లతో పోలిస్తే 55 శాతం తక్కువగా ఉన్నాయి. 2001లో వెలువడిన ఈ ఫలితం చదివినప్పటి నుంచి తోటకూర కట్టను నేను మునుపటి చూపుతో చూడలేకపోతున్నాను.

అయితే ఆకులన్నీ కాపు కాసేవి కావు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మన చేలగట్ల మీదే గాడిదగడప అనే తీగ పాకుతుంది. ఆ కుటుంబంలోదే పాముకాటుకు వాడే ఈశ్వరి. వీటిలో ఆరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది శరీరంలో మార్పు చెంది డీఎన్‌ఏలోని అడెనిన్‌ అనే అక్షరానికి అంటుకుని, తన వేలిముద్రలాంటి ఒక ప్రత్యేకమైన మార్పును మిగిల్చిపోతుంది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో లావు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఈ జాతి మూలిక చేరింది. వందకు పైగా మహిళల మూత్రపిండాలు పాడైపోయాయి. వాళ్లలో కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. ఇది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మందుగా పేరున్న ఆకు, సహజమైన ఆకు, తాతల కాలం నుంచి వాడిన ఆకు. అయినా విషమే. చాలా మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్ కూడా ఏమ్స్ పరీక్షలో బ్యాక్టీరియా జన్యువులను మార్చింది. మంచి చేసే ఫినాల్ కూడా మోతాదు మించితే తానే రాడికల్స్‌ను పుట్టించగలదు. గాజుపలక మీద పొట్టిగా కనిపించిన తోక, సీసాలో పోసి అమ్మే రసానికి హామీ పత్రం కాదు. ఎలుకకు ఇచ్చిన మోతాదు వేరు, మనిషి తినే ముద్ద వేరు.

ఏ ఆకు ఏదో, ఎంత తీసుకోవాలో, ఏది ముట్టకూడదో తెలిసినవాళ్లు ఈ తీరంలో ఉన్నారు. వాళ్లు యానాదులు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి ఒకప్పుడు వాళ్ల సొంత అడవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. దీవిలోని యానాదులు తమ పాత చోట్లు వదిలి కదలాల్సి వచ్చింది. రాకెట్ల కోసం కాపలా పెట్టినందువల్ల పాలచెట్లు, నేరేళ్లు, బెత్తపు పొదలున్న ఆ తీరపు ఎండు సతతహరిత అడవి చాలావరకు గొడ్డలికి దొరకకుండా మిగిలింది. కానీ దాన్ని చదవగలిగిన మనుషులకూ అడవికీ మధ్య దూరం పెరిగింది. మొక్కను కాపాడుకుని దాని గురించిన తెలివిని పోగొట్టుకుంటే సగం పోగొట్టుకున్నట్టే. యానాది పెద్దల దగ్గరికి విశ్వవిద్యాలయాలు వినయంగా వెళ్లాలి. వాళ్లు చెప్పింది రాసుకోవాలి, కామెట్ పరీక్షకు పెట్టాలి, ఫలితం వాళ్లకే ముందు చెప్పాలి, లాభం వస్తే వాటా ఇవ్వాలి. గాడిదగడప లాంటి ప్రమాదం కనిపిస్తే ఆ మాటా అంతే మర్యాదగా చెప్పాలి.

మడను కొట్టి రొయ్యల గుంట తవ్వే ముందు కూడా ఒక్కసారి ఆలోచించాలి. ఏ ఆకులో ఏ కాపుందో ఇంకా పరీక్షించాల్సిన మొక్కలే ఈ తీరంలో ఎక్కువ. ఇలకూరనూ వంగరేటికూరనూ పేదింటి కూరలని పక్కన పెట్టిన మనం, వాటి రసాన్ని గాజుపలక మీద ఒక్కసారైనా చూడాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని కొంత ఉంది. పప్పులో పసుపు, పొద్దున ఉసిరి, రోజూ ఏదో ఒక ఆకుకూర ఎలాగూ ఉన్నవే, మానకండి. పేరూ ఊరూ లేని కామెర్ల పొడులు కొనకండి. వేరుశనగ కాయను 8, 9 శాతం తేమకు మించకుండా ఎండబెట్టి గాలి ఆడేచోట నిల్వ చెయ్యండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి చేత్తో ఏరి పారెయ్యండి. వేపినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. గానుగలో ఆడిస్తే ఎక్కువ భాగం పిండిలోనే మిగులుతుంది. పాడైన కాయల పిండిని గొడ్డుకు మాత్రం పెట్టకండి. గొడ్డు తిన్న ఆఫ్లటాక్సిన్ పాలలోకి దిగుతుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు.